చర్మం కింద ఎర్రగీత ఎందుకు పాకుతుంది?

హైదరాబాద్ పాతబస్తీ నుంచి సెలవులకు గోవాకో, బాపట్ల సూర్యలంకకో వెళ్లి ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడుకున్నారనుకోండి. కొన్ని రోజులకు పాదం మీద దురద మొదలై, ఎర్రటి దారంతో కుట్టినట్టు ఒక వంకరగీత తేలవచ్చు. నిన్న వేలి దగ్గరున్న గీత ఇవాళ ముందుకు జరిగి ఉంటుంది!

ఇది కొంకిపురుగు లార్వా పని. కుక్కల, పిల్లుల పేగుల్లో ఉండే ఈ పురుగుల గుడ్లు వాటి మలంతో ఇసుకలో పడతాయి. తేమకు, వెచ్చదనానికి ఆ గుడ్లు పగిలి లార్వాలు బయటికొస్తాయి. అవి మన చర్మంలోకి దూరతాయి కానీ, లోపలి పొరను ఛేదించడం సాధారణంగా వాటి వల్ల కాదు. అందుకే పైపొరలోనే దారి తెలియక తిరుగుతాయి.

డాక్టర్లు ఎలా గుర్తిస్తారు? గీతను చూసి, ఎక్కడికి వెళ్లొచ్చారో అడిగి! చాలాసార్లు రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. చర్మం ముక్క తీసి చూసినా లార్వా దొరకడం అరుదు. ఎందుకంటే గీత చివర కనిపించే చోటుకన్నా అది ముందుకెళ్లి ఉంటుంది.

తామర అనుకుని మందుల షాపులో మలాం కొని రాస్తే తగ్గదు. తామర గుండ్రంగా ఉంటుంది, ఇలా పాకదు. ఐవర్‌మెక్టిన్ లేదా ఆల్బెండజోల్ మాత్రలతో ఇది నయమవుతుంది. మోతాదు డాక్టరే చెప్పాలి. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. గోకి పుండు చేసుకోకముందే చూపించుకోండి. ఈసారి బీచ్‌కి వెళ్తే చెప్పులు విడవకండి.