పైనుంచి ఆదేశం, కిందినుంచి రాని కబురు: సోమ్ యుద్ధం లెక్కల్లో

1916 జులై 1, ఉదయం 7.30. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. ఫ్రాన్స్‌లోని సోమ్ నది ప్రాంతంలో బ్రిటిష్ సైనికులు కందకాలు దాటి జర్మన్ల మీదికి కదిలారు. పొద్దుగూకేసరికి చనిపోయినవారు, గాయపడినవారు, ఆచూకీ లేనివారు, బందీలైనవారు కలిపి 57,470 మంది. అందులో మృతులే 19,240. అంత పెద్ద సైన్యం అంతలా ఎందుకు దెబ్బతింది?

1,000 నుంచి 18,000 దాకా

నాటి బ్రిటిష్ బెటాలియన్‌లో సుమారు 1,000 మంది. అందులో 4 కంపెనీలు, కంపెనీకి 4 ప్లటూన్లు, ప్లటూన్‌కు 4 సెక్షన్లు. 4 బెటాలియన్లు ఒక బ్రిగేడ్, 3 బ్రిగేడ్లు ఒక డివిజన్. ఫిరంగిదళం, ఇంజినీర్లు, వైద్యసిబ్బంది, సరఫరా విభాగం కలిస్తే డివిజన్ బలం దాదాపు 18,000. డివిజన్లు కలిస్తే కోర్, కోర్‌లు కలిస్తే ఆర్మీ. ఆ రోజు దాడి భారం ఎక్కువగా జనరల్ రాలిన్సన్ నడిపిన ఫోర్త్ ఆర్మీ మీదే పడింది.

మూడు వరసల కందకం

ముందు వరస, దాని వెనక సాయానికి ఇంకో వరస, ఆ వెనక రిజర్వు వరస. రాకపోకలకు వాటిని కలుపుతూ సన్నని కందకాలు. దేన్నీ తిన్నగా తవ్వేవారు కాదు, కొద్ది మీటర్లకో మలుపు ఉండేది. గుండు పడితే ఆ పేలుడు మలుపు దగ్గరే ఆగాలి. శత్రువు లోపలికి దూకినా కందకం పొడవునా కాల్చే వీలుండకూడదు. తుపాకీ గురిపెట్టడానికి గోడకు ఒక మెట్టు, బయట ముళ్లకంచె. బెటాలియన్లు వంతులవారీగా ముందు వరసకు వెళ్లి వచ్చేవి.

15 లక్షల గుండ్లు కురిసినా

దాడికి ముందు 7 రోజులపాటు బ్రిటిష్ ఫిరంగులు సుమారు 15 లక్షల గుండ్లు కురిపించాయి. అయినా చాలాచోట్ల కంచె తెగలేదు. సుద్దనేలలో లోతుగా తవ్విన గదుల్లో జర్మన్లు ప్రాణాలు దక్కించుకున్నారు. ఫిరంగులు గురి మార్చగానే మెషిన్‌గన్లతో పైకొచ్చారు.

ఆ యుద్ధరంగంలోని బోమాన్-హామెల్ గ్రామం దగ్గర ఆకాశంలో ఒక తెల్లని వెలుగు లేచింది. తమవాళ్లు గెలిచారన్న సంకేతం అదేనని వెనకున్న అధికారులు పొరబడ్డారు. బ్రిటిష్ పక్షాన పోరాడుతున్న న్యూఫౌండ్‌లాండ్ రెజిమెంట్‌ను ముందుకు పంపారు. ముందున్న కందకాలు శవాలతో, క్షతగాత్రులతో నిండిపోవడంతో వాళ్లు వెనక వరస నుంచే ఆరుబయట నడవాల్సి వచ్చింది. కదిలినవారు సుమారు 800 మంది. మర్నాడు హాజరు పిలిస్తే పలికినవారు 68 మంది.

టెలిఫోన్ తీగలు గుండ్లకు తెగిపోయేవి. కబురు మోసుకెళ్లే సైనికుడు దారిలోనే కూలిపోయేవాడు. ముందు వరసలో ఏం జరుగుతోందో తెలియకుండానే వెనక నుంచి ఆదేశాలు వస్తూ ఉండేవి.

నిర్ణయం కిందికి దిగింది

1917 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం ప్లటూన్‌ను కొత్తగా తీర్చింది. నాలుగు సెక్షన్లకు నాలుగు పనులు: రైఫిల్, చేతిబాంబు, రైఫిల్ గ్రెనేడ్, లూయిస్ మెషిన్‌గన్. ఎదురుగా మెషిన్‌గన్ అడ్డొస్తే పైనుంచి మాట వచ్చేదాకా ఆగకుండా, ఆ ముప్పై నలభై మందే దాని సంగతి చూసుకోవచ్చు. చూస్తున్నవాడికే నిర్ణయం అప్పగించాలన్న ఈ పాఠం చాలా చిన్నది. కానీ అది నేర్చుకోవడానికి చెల్లించిన మూల్యంలో ఆ 19,240 ప్రాణాలూ ఉన్నాయి.