స్కాన్ సీడీ చేతిలో ఉందా? లోపల ఎవరి స్కాన్ ఉందో ఒక్క కమాండ్‌తో తెలుసుకోవచ్చు!

రిపోర్టు ఉంది.. ఫిల్మ్ ఉంది.. సీడీ కూడా ఉంది. తీరా పెద్దాసుపత్రిలో డాక్టర్ కంప్యూటర్‌లో పెడితే ఫైల్ ఓపెన్ కాలేదు. లేదా ఓపెన్ అయింది కానీ ఆర్నెల్ల కిందటి పాత స్కాన్ కనిపించింది. ఇప్పుడేం చేయాలి? మళ్లీ స్కాన్ తీయించుకోవాల్సిందేనా?

పట్టిసీమ లాంటి ఊళ్ల వాళ్లకు ఇది చిన్న సమస్య కాదు. ఏలూరు జిల్లా పోలవరం మండలంలోని ఈ ఊరి నుంచి రాజమండ్రి వెళ్లాలంటే కొవ్వూరు మీదుగా గోదావరి దాటాలి. అక్కడ స్కాన్ తీయించుకుని, పెద్ద డాక్టర్ కోసం కాకినాడకో, విశాఖకో, హైదరాబాద్‌కో పోవాలి. అంత దూరం వెళ్లాక 'ఈ సీడీ పనికిరాదు' అంటే ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీలు గోదాట్లో కలిసినట్టే. సీటీ మళ్లీ తీస్తే డబ్బుతో పాటు ఒంటికి ఇంకో విడత రేడియేషన్ కూడా తప్పదు.

ఈ తిప్పల్లో కొన్నింటిని బయల్దేరే ముందే ఇంటి దగ్గర తప్పించుకోవచ్చు. అందుకు ఉచితంగా దొరికే చిన్న చిన్న టూల్స్ ఉన్నాయి. వీటిలో బటన్లు, బొమ్మలు ఉండవు. నల్లటి తెర మీద ఒక లైన్ టైప్ చేస్తే జవాబు అక్షరాల్లో వస్తుంది. వీటినే కమాండ్ లైన్ టూల్స్ అంటారు. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఇది వాళ్లకు పెద్ద పనేం కాదు.

సీడీలో అసలు ఏముంటుంది?

సీటీ, ఎంఆర్ఐ బొమ్మలు ఫోన్ ఫొటోల్లా జేపీజీ ఫైల్స్ కావు. వాటి ఫార్మాట్ పేరు డైకామ్. 1993 నుంచి ఈ పేరుతో ప్రపంచమంతా వాడుతున్న ప్రమాణం ఇది. చాలా సీడీల్లో ఈ ఫైల్స్ పేర్ల చివర జేపీజీ, పీడీఎఫ్ లాంటి తోక ఉండదు. అందుకే డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో కంప్యూటర్‌కు తెలియదు. ఫైల్ పాడైపోయిందని మనం అనుకుంటాం. చాలాసార్లు అది బాగానే ఉంటుంది.

డైకామ్ ఫైల్‌లో బొమ్మతో పాటు ఒక చీటీ కూడా అతికించి ఉంటుంది. దాన్నే హెడర్ అంటారు. పేషెంట్ పేరు, ఐడీ, పుట్టిన తేదీ, స్కాన్ తీసిన తేదీ, ఏ మెషీన్, ఎన్ని మిల్లీమీటర్ల మందంతో ముక్కలు తీశారు.. ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రతి వివరానికీ ఒక నంబర్ ఉంటుంది. ఉదాహరణకు పేషెంట్ పేరు ఎప్పుడూ 0010,0010 అనే నంబర్ కిందే ఉంటుంది. రాజమండ్రి మెషీన్ అయినా, అమెరికా మెషీన్ అయినా ఇదే నంబర్.

ఏ టూల్ ఏం చేస్తుంది?

జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఉన్న ఆఫిస్ అనే సంస్థ డీసీఎమ్‌టీకే పేరుతో ఒక టూల్స్ పెట్టె తయారు చేసింది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ పనిచేస్తుంది. అందులో రెండు టూల్స్ మనకు బాగా ఉపయోగం.

మొదటిది డీసీఎమ్‌ఎఫ్‌టెస్ట్. ఇది నిజంగా డైకామ్ ఫైలేనా కాదా అన్నది అవును, కాదు అని చెప్పేస్తుంది. రెండోది డీసీఎమ్‌డంప్. ఇది చీటీ మొత్తాన్ని తెర మీద పరిచేస్తుంది. పేరు, తేదీ, స్కాన్ రకం అన్నీ ఒక్కో లైన్‌లో చదువుకోవచ్చు. ఒకే పేరున్న ఇద్దరి సీడీలు తారుమారైతే ఐడీ, పుట్టిన తేదీ చూస్తే ఇక్కడే దొరికిపోతుంది.

ఇక పోల్చి చూడటానికి జీడీసీఎమ్ అనే మరో ఉచిత ప్యాకేజీలో జీడీసీఎమ్‌డిఫ్ ఉంది. రెండు ఫైల్స్ ఇస్తే వాటి చీటీల్లో ఎక్కడెక్కడ తేడా ఉందో చూపిస్తుంది.

పాత స్కాన్, కొత్త స్కాన్.. ఇక్కడే ఉంది అసలు విషయం

గడ్డ పెరిగిందా, తగ్గిందా? డాక్టర్‌ను ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే రెండు స్కాన్‌లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కానీ ఆ రెండూ ఒకే పద్ధతిలో తీసినవేనా?

ఉదాహరణకు పాత సీటీలో ముక్కల మందం 5 మిల్లీమీటర్లు, కొత్తదాంట్లో 1 మిల్లీమీటర్ అనుకుందాం. ఊపిరితిత్తిలో 3 మిల్లీమీటర్ల చుక్క ఉంటే, మందం ముక్కలో అది చుట్టుపక్కల గాలితో కలిసి మసకబారిపోవచ్చు. సన్నటి ముక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు 'కొత్తగా వచ్చింది' అనిపించేది నిజానికి ముందు నుంచీ ఉన్నదే కావచ్చు. ముక్కల మందం 0018,0050 నంబర్ కింద ఉంటుంది. ఇంజెక్షన్ మందు ఎక్కించి తీశారా లేదా అన్నది సెంటర్ వాళ్లు నమోదు చేసి ఉంటే అదీ చీటీలో కనిపిస్తుంది. ఈ తేడాలు ముందే తెలిస్తే డాక్టర్‌కు చెప్పొచ్చు, ఇంట్లో వాళ్లూ అనవసరంగా కంగారు పడరు.

ఇదే లెక్క పరిశోధనలోనూ వర్తిస్తుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో 100 మంది భారతీయుల ఎంఆర్ఐ స్కాన్‌లతో ఇండియన్ బ్రెయిన్ అట్లాస్ తయారు చేశారు. అంతకుముందు మనవాళ్ల మెదడును కూడా కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనాతోనే పోల్చేవారు. సగటున మన మెదడు సైజు పాశ్చాత్యుల కంటే కాస్త చిన్నదని ఈ పనిలో తేలింది. అంటే సరైన కొలబద్ద లేకపోతే ఆరోగ్యంగా ఉన్న మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనిపించే ప్రమాదం ఉంది. మెషీన్ తేడా ఫలితం మీద పడకుండా మూడు వేర్వేరు ఆస్పత్రుల స్కానర్లు వాడారు. దేన్ని దేనితో పోలుస్తున్నాం అన్నది అంత ముఖ్యం.

ఫైల్‌కూ వేలిముద్ర ఉంటుంది

కాపీ చేసేటప్పుడు ఫైల్ పాడైందా? మధ్యలో ఎవరైనా మార్చారా? దీనికి షా-256 అనే లెక్క ఉంది. ఫైల్ మొత్తాన్ని చదివి 64 అక్షరాల వేలిముద్ర ఇస్తుంది. ఫైల్‌లో ఎక్కడ చిన్న మార్పు జరిగినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ అనే కమాండ్లు ఈ పని చేస్తాయి.

ఇది ఉత్తుత్తి భయం కాదు. 2019లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ పరిశోధకులు ఏఐతో ఊపిరితిత్తుల సీటీల్లో లేని గడ్డను పెట్టారు, ఉన్న గడ్డను తీసేశారు. ఆ విషయం ముందే చెప్పని రేడియాలజిస్టులు చాలావరకు బోల్తా పడ్డారు.

అయితే ఒక మాట. ముద్ర కలవనంత మాత్రాన మోసం జరిగిందని కాదు. స్కాన్ సెంటర్ వాళ్లు చీటీలో పేరు స్పెల్లింగ్ సరిచేసినా ముద్ర మారుతుంది. అలాంటప్పుడు జీడీసీఎమ్‌డిఫ్‌తో తేడా ఎక్కడుందో చూసుకోవాలి.

ఫిల్మ్‌ను ఫొటో తీసి వాట్సాప్ చేస్తే సరిపోదా?

తొందరగా ఒక మాట అడగడానికైతే ఫర్వాలేదు. కానీ ఒరిజినల్‌కు అది సాటి రాదు. సీటీలో సాధారణంగా 4,096 స్థాయిల నలుపు తెలుపులు ఉంటాయి. ఫోన్ ఫొటోలో ఉండేవి 256. ఒరిజినల్ ఫైల్ ఉంటే డాక్టర్ అదే బొమ్మలో ఎముకను, మెదడును, ఊపిరితిత్తిని విడివిడిగా చూడగలరు. ఫొటోలో ఆ వీలు పోతుంది. పైగా ఒక్కో సీటీ ముక్క దాదాపు అర ఎంబీ. 300 ముక్కలుంటే 150 ఎంబీ. వాట్సాప్‌లో వెళ్లే రెండు మూడు ఫొటోలు అందులో ఎన్నో వంతు?

మరో జాగ్రత్త.. పేరు, పుట్టిన తేదీ ఫైల్‌లోనే ఉంటాయి కాబట్టి ఎవరికి పడితే వాళ్లకు పంపకూడదు. 2019లో జర్మనీకి చెందిన గ్రీన్‌బోన్ సంస్థ పరిశీలనలో 52 దేశాలకు చెందిన దాదాపు 2.4 కోట్ల పేషెంట్ రికార్డులు ఇంటర్నెట్‌లో రక్షణ లేకుండా కనిపించాయి. పేరు తీసేసి పంపాలంటే జీడీసీఎమ్‌అనాన్ అనే టూల్ ఉంది. కానీ బొమ్మ మీదే అచ్చయిన పేరును అది చెరపలేదు.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* స్కాన్ సెంటర్‌లో ఫిల్మ్‌తో పాటు డైకామ్ ఫైల్స్ ఉన్న సీడీ అడగండి.
* సీడీలో పేరు, ఐడీ, తేదీ రిపోర్టుతో సరిపోతున్నాయో లేదో చూడండి.
* సీడీ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫైల్స్ పేర్లు మార్చొద్దు.
* పాత స్కాన్ సీడీని కూడా వెంట తీసుకెళ్లండి. దాని విలువ డాక్టర్‌కు తెలుసు.
* ఏ మార్పు చేసినా కాపీలోనే చేయండి. ఒరిజినల్‌ను ముట్టుకోవద్దు.

(గమనిక: ఈ టూల్స్ ఫైల్ గురించి చెబుతాయి, జబ్బు గురించి కాదు. స్కాన్‌లో ఏముందో చెప్పాల్సింది డాక్టర్లే. తేడా కనిపిస్తే ముందుగా స్కాన్ తీసిన సెంటర్‌ను సంప్రదించండి.)