ఒకే జిల్లా, వయా తెనాలి

రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో వెళ్లాలంటే ముందు జిల్లా దాటాలి. రెండూ ఒకే జిల్లాలో ఉన్నా సరే!

మన డేటా స్ట్రక్చర్స్ భాషలో రేపల్లె ఒక లీఫ్ నోడ్. పట్టాలు అక్కడితో ఆఖరు, వచ్చిన రైలు వచ్చిన దారినే తిరిగి పోవాలి. తెనాలి మాత్రం జంక్షన్. గుంటూరు, విజయవాడ, రేపల్లె, బాపట్ల మీదుగా చెన్నై, ఇలా నాలుగు వైపులా లైన్లు. గ్రాఫ్ థియరీలో ఇలాంటి దాన్ని కట్ వర్టెక్స్ అంటారు. అది తీసేస్తే రేపల్లె లైను మొత్తం ఒంటరిదైపోతుంది.

ఎందుకిలా? ఆ లైను 1916 నాటిది. అప్పట్లో మూడు ఊళ్లూ గుంటూరు జిల్లానే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. మ్యాప్ మీద గీత ఒక్కరోజులో మారుతుంది, పట్టాలు మారవు కదా. కలెక్టరేట్‌లో పని పడ్డవాళ్లకి మాత్రం ఈ తేడా పూటంతా తినేస్తుంది.

ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి మరీ అమ్మమ్మకి వివరించా. ఓపిగ్గా విని, "అందుకేగా మేం బస్సెక్కేది" అంది.

నిజమే. 216వ నంబరు జాతీయ రహదారి రెండు ఊళ్లనీ తెనాలితో పని లేకుండా కలుపుతుంది. షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ మనకి సెమిస్టర్‌లో వస్తుంది. రేపల్లె వాళ్లకి బస్టాండ్‌లోనే వచ్చేస్తుంది.