వేలిముద్ర సరే... తూకం మాటేమిటి?

పామర్రు: నెల మొదటి తేదీ తెల్లవారేసరికి చౌకధరల దుకాణం ముందు సంచులు బారులు తీరతాయి. పొలం పనికి పోవలసినవారు వరుసలో సంచి పెట్టి అరుగు మీద కూర్చుంటారు. ఎనిమిది గంటలకు తలుపు తీస్తారు. కార్డు నంబరు కొట్టడం, వేలు పెట్టడం, కాటా వేయడం, సంచిలో పోయడం... అంతా కొద్ది నిమిషాల పని. బియ్యం ఎత్తుకుని వెళ్లేవారిలో చాలామంది యంత్రం నుంచి వచ్చే చీటీ అడగరు. ఇంటికి పోయి మళ్లీ తూచి చూసుకోరు. చీటీలోని అంకెకూ సంచిలోని బియ్యానికీ పొంతన ఉందా లేదా అన్నది అక్కడే మరుగున పడిపోతోంది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టిన ఎన్.టి.రామారావు స్వగ్రామం నిమ్మకూరు ఈ పామర్రు మండలంలోదే. ఆ రోజుల్లో అమ్మకాల లెక్క అంటే డీలరు చేత్తో రాసే పుస్తకమే. సరుకు తీసుకోని కార్డు ఎదుట తీసుకున్నట్టు రాసుకున్నా అడిగేవారు తక్కువ. తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకంలోని సంతకాలు, నిశానీలు చూసి నమ్మవలసి వచ్చేది. 2015లో కృష్ణా జిల్లా దుకాణాలకు ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. వేలిముద్ర పడితేనే అమ్మకం నమోదవుతుంది. దీంతో లేని మనిషి పేర బియ్యం రాసుకునే దారి చాలావరకు మూతపడింది. 2021 నుంచి వాహనాల మీద ఇంటింటికీ పంపిణీ సాగినా, 2025 జూన్ 1 నుంచి మళ్లీ దుకాణాలకే వచ్చింది.

బస్తాలు చెప్పే నిజం

దుకాణం లెక్క తేల్చడానికి పెద్ద చదువు అక్కరలేదు. నెల మొదట ఉన్న నిల్వకు కొత్తగా వచ్చిన సరుకు కలపాలి. అందులోంచి యంత్రం చూపే అమ్మకం తీసివేయాలి. మిగిలినది గదిలో ఉండాలి. ఉదాహరణకు పాత నిల్వ 6 క్వింటాళ్లు, వచ్చినది 94 క్వింటాళ్లు అనుకుందాం. అమ్మకం 92 అయితే మిగలవలసింది 8 క్వింటాళ్లు, అంటే యాభై కిలోల బస్తాలు 16.

లెక్కపెడితే 14 బస్తాలే ఉంటే తగ్గిన రెండూ ఎటు పోయాయో డీలరు చెప్పాలి. 18 ఉంటే? ‘ఎక్కువే ఉంది కదా, మంచిదే’ అనుకోవడానికి లేదు. అవి కార్డుదారుల సంచుల్లో పడవలసిన బియ్యం కావచ్చు. 20 కిలోలకు వేలు వేయించుకుని పందొమ్మిదిన్నర పోస్తే, 400 కార్డులకు 2 క్వింటాళ్లు, అంటే నాలుగు బస్తాలు మిగిలిపోతాయి. ఇంటికి అర కిలో పోతే ఎవరూ పట్టించుకోరు. ఊరంతా కలిస్తే అది బండెడు బియ్యం.

తరుగు అంతా దుకాణంలోనే పుడుతుందనీ చెప్పలేం. ఖాళీ గోనె బరువే అర కిలో పైన ఉంటుంది. గోదాములో గోనెతో కలిపి 50 కిలోలు తూచి ఇస్తే ఆ నష్టం డీలరు నెత్తిన పడుతుంది. డీలరు దాన్ని కార్డుదారు సంచిలోకి నెట్టకుండా ఉండాలంటే అక్కడి కాటా కూడా సరిగా ఉండాలి. గోదాముల్లోనూ బస్తాలు లెక్కపెడితేనే నిజం తేలుతుంది. 2024 డిసెంబరులో మచిలీపట్నం దగ్గర, పౌరసరఫరాల సంస్థకు అద్దెకిచ్చిన ఒక గోదాములో వేల బస్తాల తేడా బయటపడి పోలీసు కేసు నమోదైంది.

అన్నీ సరిపోయినా...

ఇక మూడో రకం తేడా ఉంది. యంత్రం లెక్క సరిపోతుంది, బస్తాలూ సరిపోతాయి. అయినా ఆ అమ్మకం నిజం కాదు. కార్డుదారు వేలు వేసి, బియ్యం బదులు చేతిలో నాలుగు డబ్బులు పెట్టించుకుని పోతాడు. ఆ బియ్యం రాత్రికి మరో దారి పడుతుంది. దీన్ని ఏ యంత్రమూ పట్టలేదు. అధికారులు పది కార్డులు ఎంచుకుని ఆ ఇళ్లకు పోయి, ‘ఈ నెల ఎన్ని కిలోలు తెచ్చుకున్నారు?’ అని అడిగితేనే బయటపడుతుంది. 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్న బియ్యం కనుక పోతే పోయిందిలే అనుకునేవారున్నారు. సర్కారు కొన్న ధర లెక్క వేస్తే అది ఉచితం కాదు, అందరి సొమ్ము.

కార్డుదారులు చేయవలసిన పని కొంచెమే. బియ్యం పోయకముందు కాటా సున్నా చూపుతోందో లేదో చూసుకోవాలి. డబ్బాతో తూస్తే డబ్బా బరువు తీసేయించాలి. చీటీ అడిగి తీసుకోవాలి. చదువురాని పెద్దవాళ్లు బడికి పోయే మనవడి చేత అంకె చదివించుకోవాలి. సాధారణ కార్డుకు మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు రావాలన్నది గుర్తుంచుకోవాలి. తేడా వస్తే అక్కడే అడగాలి. సమాధానం రాకపోతే 1967 నంబరుకు ఫోను చేయవచ్చు.

అరవై అయిదేళ్లు దాటినవారికి, దివ్యాంగులకు సరుకు ఇంటికే తెచ్చి ఇవ్వాలని నిబంధన ఉంది. గుమ్మంలో వేలు వేసే ఈ ముసలివారి తూకాన్ని చూసే పక్క మనిషి ఉండడు. తనిఖీ చేసేవారు ముందుగా తలుపు తట్టవలసిన ఇళ్లు ఇవే.