‘పాజిటివ్’ అంటే మంచా, చెడా?

డ్రైవింగ్ లైసెన్సు కావాలని ఓ కుర్రాడు రక్తం గ్రూపు చూపించుకొన్నాడు. కాగితం మీద ‘ఓ పాజిటివ్’ అని రాసి ఇచ్చారు. ఇంటికి వచ్చి "నాది పాజిటివ్ అట నాయనమ్మా" అన్నాడు. అంతే, ముసలమ్మ అరుగు మీదే కూలబడి శోకాలు మొదలుపెట్టింది. నలుగురూ పోగయ్యారు. పెళ్లి మాటలు జరుగుతున్న పిల్లవాడాయె! ఆశా కార్యకర్త వచ్చి కాగితం చదివి చెప్పేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ముసలమ్మను తప్పుపట్టి లాభం లేదు. ఆ ఇంగ్లీషు మాట ఒక్కో చోట ఒక్కో వేషం వేస్తుంది. ట్రాక్టరు బ్యాటరీకి ఎర్ర వైరు తగిలించే కొస పాజిటివ్. ఉద్యోగానికి వెళ్లే కుర్రాడికి మాస్టారు "పాజిటివ్‌గా ఆలోచించు" అని ధైర్యం చెబుతారు. వినతిపత్రం ఇచ్చివచ్చిన పెద్దమనిషి "ఆఫీసరు పాజిటివ్‌గా మాట్లాడాడు" అంటాడు. అంటే పని అయిందని కాదు, కాదనలేదని మాత్రమే! ఇక దీని జోడీ నెగటివ్ పాతవాళ్లకు ఫొటో స్టూడియోలోనే పరిచయం. తెల్లచొక్కా నల్లగా, నల్లజుట్టు తెల్లగా కనిపించే ఆ ఫిల్ము ముక్కను కవరులో పెట్టి దాచుకొనేవారు.

ఈ మాటలన్నిటిలో పాజిటివ్ మంచిదే. ఆసుపత్రి గడప తొక్కితేనే తిరగబడుతుంది. మలేరియాకు రక్తపూత తీస్తే, క్షయకు తెమడ పరీక్ష చేస్తే, పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టు. 2020, 2021లలో కరోనా పుణ్యమా అని ఈ మాట వింటేనే వీధి తలుపులు మూసుకొన్నాయి. అదే, పిల్లల కోసం కళ్లు కాయలు కాసేలా చూసిన కోడలికి గర్భ పరీక్ష పాజిటివ్ వస్తే ఆ ఇంట్లో పండగ.

చిక్కు విడదీయడం కష్టమేమీ కాదు. డాక్టరు నోట పాజిటివ్ అంటే ‘ఉంది’, నెగటివ్ అంటే ‘లేదు’. అది మంచా, చెడా అన్నది ఆ మాటలో లేదు. దేని కోసం వెతికారన్న దానిలో ఉంది.

రక్తం గ్రూపులో వెతికేది జబ్బును కాదు. కార్ల్ లాండ్‌స్టీనర్ అనే శాస్త్రవేత్త 1901లో రక్తం గ్రూపుల సంగతి ప్రకటించారు. 1940లో ఆయనే వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ అనే మరో గుర్తును కనిపెట్టారు. రీసస్ జాతి కోతుల రక్తంతో చేసిన ప్రయోగంలో బయటపడింది గనుక ఆ పేరు. ఎర్రకణాల మీద ఆ గుర్తు ఉంటే పాజిటివ్, లేకుంటే నెగటివ్. మనలో ఎక్కువమంది పాజిటివ్‌లే. దానికీ హెచ్‌ఐవీకీ ఏ సంబంధమూ లేదు. హెచ్‌ఐవీ పరీక్ష వేరు, కాగితమూ వేరు. అందులోనూ ఒక్క పరీక్షతో తేల్చరు. మూడు రకాల కిట్లతో చూస్తారు. ఆ ఫలితాన్ని మనిషి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. అయినా ఊళ్లో పుకారుకు కిట్టూ అక్కర్లేదు, చట్టమూ పట్టదు. పాజిటివ్ అన్న ఒక్క ముక్క చాలు, సంబంధాలు చెడగొట్టడానికి.

ఇందులో అసలు ప్రమాదం మరోటి ఉంది. పాజిటివ్ అంటే బెదిరిపోయేవారు, గర్భిణికి ‘ఓ నెగటివ్’ అని వస్తే "హమ్మయ్య, ఏమీ లేదు" అనుకొని కాగితం చూరులో దోపేస్తారు. జాగ్రత్త పడాల్సింది అక్కడే. తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పు సమయంలో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే ఆమె ఒంట్లో దానికి విరుగుడు తయారవుతుంది. తొలిచూలుకు సాధారణంగా ఏమీ కాదు. మలిచూలు బిడ్డ పాజిటివ్ అయితే ఆ విరుగుడు వాడి రక్తకణాలను విరిచేస్తుంది. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు వస్తాయి. కడుపులోనే బిడ్డ పోవచ్చు కూడా. దిష్టి అనీ, గ్రహచారమనీ సరిపెట్టుకొన్న ఇళ్లు లేకపోలేదు.

దీనికి యాంటీ-డి అనే ఇంజెక్షను ఉంది. పుట్టిన బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పు అయిన 72 గంటల్లోపు తల్లికి వేయించాలి. ఏడు నెలలు నిండే వేళ ఒకసారి ముందుగా వేయడమూ ఉంది. గర్భస్రావం జరిగినా, చేయించుకొన్నా సరే, నెగటివ్ గ్రూపు అన్న సంగతి డాక్టరుకు వెంటనే చెప్పాలి. కాన్పుకు పుట్టింటికి వెళ్లే అమ్మాయి చీరలతోపాటు ఆ గ్రూపు కాగితాన్నీ పెట్టెలో పెట్టుకోవాలి.