కృత్రిమ మూత్రపిండము - గడ్డకట్టని రక్తము

పామిడిముక్కల ప్రాంతమున వరినాట్లకు దిగువారికి జలగ క్రొత్త గాదు. అది కాలిని పట్టుకొన్నదని తెలియగనే ఉప్పు చల్లి వదలించుకొందురు. కాని జలగ రాలిన పిదపకూడ కరచినచోట రక్తము చాలసేపు కారుచునే యుండును. కొడవలి గీచుకొన్న వ్రేలి రక్తము కొలది నిమిషములలో గడ్డకట్టును. మరి జలగకాటు రక్తము ఏల గడ్డకట్టదు? ఈ చిన్న ప్రశ్నకు లభించిన సమాధానమే కృత్రిమ మూత్రపిండమునకు తొలిదారి చూపినది.

గాయము తగిలినప్పుడు రక్తములో త్రాంబిన్ అను ఎంజైము ఏర్పడును. రక్తములో కరగియున్న ఫైబ్రినోజెన్ అను మాంసకృత్తును అది ఫైబ్రిన్ అను సన్నని దారములుగా మార్చును. బందరు తీరమున జాలరి వలలో చేపలు చిక్కినట్లు, ఈ దారముల అల్లికలో రక్తకణములు చిక్కుకొనును. అదియే గడ్డ. జలగ లాలాజలమున హిరుడిన్ అను పదార్థము కలదు. అది త్రాంబిన్‌ను పట్టి బంధించును. కనుకనే జలగకాటు వెంటనే మూసికొనదు. జలగనుండి లభించు సారమునకు ఈ గుణము కలదని 1884లో హేక్రాఫ్ట్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను.

మూత్రపిండములు పనిచేయనప్పుడు యూరియా మొదలగు మలినములు, అధికమైన నీరు శరీరములో నిలిచిపోవును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందును, పూర్వపు కృష్ణాజిల్లాలోని ఎ. కొండూరు మండలమునందును ఈ వ్యాధి పెక్కు కుటుంబములను పీడించుచున్నది. ఇట్టి రోగులకు డయాలిసిస్ ఆధారము. ఇందులో రోగి రక్తమును గొట్టముద్వారా వెలికి తెచ్చి, వెంట్రుకవలె సన్నని వేలకొలది నాళికలుగల వడపోత పరికరముగుండ నడిపి, తిరిగి శరీరములోనికి పంపుదురు. సాధారణముగా ఒక పర్యాయమునకు నాలుగు గంటలు పట్టును.

ఇక్కడనే చిక్కున్నది. ఆరోగ్యముగానున్న రక్తనాళపు లోపొర రక్తమును గడ్డకట్టనీయదు. ప్లాస్టిక్ గొట్టమునకు ఆ శక్తి లేదు. దానిని తాకిన రక్తము గాయమైనట్లే ప్రవర్తించి గడ్డకట్ట నారంభించును. గుర్రపుడెక్క పేరుకొన్న పంటకాలువ నీటిని సాగనీయనట్లు, గడ్డలు ఆ సన్నని నాళికలను మూసివేయును. శుద్ధి కుంటుపడును, యంత్రములో చిక్కిన రక్తము రోగికి నష్టమగును. ఇట్టివారిలో చాలమందికి రక్తహీనత ఉండును గనుక ఆ నష్టము స్వల్పమైనది కాదు.

1913లో అమెరికాలోని బాల్టిమోరునందు ఏబెల్, ఆయన సహచరులు తొలి కృత్రిమ మూత్రపిండమును కుక్కలపై పరీక్షించినప్పుడు వాడినది జలగలనుండి తీసిన హిరుడినే. 1924లో జర్మనీలో హాస్ అను వైద్యుడు మొదటిసారిగా మనిషికి డయాలిసిస్ చేసినప్పుడును దానినే వాడెను. కాని ఆనాటి హిరుడిన్ శుద్ధమైనది గాక రోగులకు కీడు చేసెడిది. ఈలోగా, 1916లో మెక్లీన్ అను వైద్యవిద్యార్థి కుక్క కాలేయమునుండి రక్తమును గడ్డకట్టనీయని పదార్థమును తీసెను. 1918లో ఆయన గురువు హోవెల్ అట్టి పదార్థమునకు హెపారిన్ అని పేరిడెను. గ్రీకు భాషలో హెపార్ అనగా కాలేయము. హాస్ పిమ్మట హెపారిన్‌నే వాడెను. 1945లో హాలెండులో కోల్ఫ్ తన యంత్రముతో 67 ఏండ్ల వృద్ధురాలిని బ్రతికించినప్పుడు రక్తమును పారునట్లు ఉంచినదియు హెపారినే. నేడు దీనిని ఎక్కువగా పంది ప్రేగుల లోపొరనుండి తయారుచేయుచున్నారు.

మన రక్తములో త్రాంబిన్‌ను అణచు యాంటీత్రాంబిన్ అను మాంసకృత్తు సహజముగనే కలదు. కాని దాని పని నెమ్మది. హెపారిన్ దానితో చేరి ఆ వేగమును దాదాపు వేయిరెట్లు పెంచును. అయితే ఒకసారి ఏర్పడిన గడ్డను హెపారిన్ కరిగింపజాలదు. క్రొత్త గడ్డను మాత్రమే ఆపగలదు. అందుచేతనే దానిని డయాలిసిస్ ఆరంభముననే ఇచ్చి, పిదప కొంచెము కొంచెముగా యంత్రముద్వారా పంపుచుందురు. దాని ప్రభావము గంట, గంటన్నరలో సగమునకు తగ్గును. కావున ముగియుటకు అరగంట, గంట ముందుగనే ఆపివేయుదురు. ఆరంభమున ఒక్కసారి ఇచ్చిన చాలునట్టి తక్కువ అణుభారముగల హెపారిన్ కూడ కలదు.

మోతాదు తక్కువైన యంత్రములో గడ్డ. ఎక్కువైన రోగికి రక్తస్రావము. కడుపులో పుండు, ఇటీవలి శస్త్రచికిత్స, తలకు దెబ్బ వంటివి ఉన్నచో రోగి ముందుగనే తెలుపవలెను. అట్టివారికి హెపారిన్ తగ్గించి, లేదా మాని, ఉప్పునీటి ద్రావణముతో గొట్టములను మాటిమాటికి కడుగుదురు. లేదా సిట్రేటు వాడుదురు. కొలదిమందిలో హెపారిన్ వలన రక్తఫలకికలు పడిపోవును. వారికి దానిని పూర్తిగా మానవలసినదే. ఇంటికి వెళ్లు దారిలో సూది గుచ్చినచోట రక్తము ఉబికినచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. ఆగనిచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. డయాలిసిస్ సంగతి చెప్పకుండ ఆనాడు పన్ను తీయించుకొనరాదు.

పొలములో మనలను కాపాడు గుణమునే యంత్రములో నాలుగు గంటలు నిలిపియుంచి, రోగి ఇల్లు చేరుసరికి మరల అతనికి అప్పగింపవలెను. హెపారిన్ వాడుకలోని నేర్పంతయు ఈ కొలతలోనే యున్నది.