ఉప్పందించినవాడి కథ!

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన సామెత. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఆ సామెత చెల్లలేదు. ఇంటిదొంగల్ని ఏరిపారెయ్యటానికి ఐ.ఆర్.ఏ. తనలోనే ప్రత్యేకంగా ఒక విభాగాన్ని పెట్టుకుంది. పోలీసులకు ఉప్పందించాడని తేలినవాడికి తరచుగా పడే శిక్ష ఒక్కటే – తుపాకీ గుండు!

ఆ గుండును తప్పించుకున్న ఒక మనిషి కథే 'ఫిఫ్టీ డెడ్ మెన్ వాకింగ్'. 2008లో వచ్చిన ఈ చిత్రానికి కెనడా దర్శకురాలు కారీ స్కోగ్లండ్ దర్శకత్వం వహించింది. మార్టిన్ మెక్‌గార్ట్‌లండ్ 1997లో వెలువరించిన ఆత్మకథ దీనికి ఆధారం.

ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లోనే ఉండాలని ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది, ఐర్లండ్‌లో కలవాలని కాథలిక్కుల్లో ఎక్కువమంది పట్టుబట్టారు. 1960ల చివర రాజుకున్న ఆ మంట 1998 ఒప్పందం దాకా చల్లారలేదు. సుమారు 3,500 మంది దానికి బలయ్యారు.

చిత్రకథ 1980ల చివర సాగుతుంది. గుమ్మం గుమ్మానికీ తిరిగి సరుకులు అమ్ముకునే కాథలిక్ కుర్రాడు మార్టిన్. ఐ.ఆర్.ఏ. మీద భక్తీ లేదు, పోలీసుల మీద ప్రేమా లేదు. సరిగ్గా ఇలాంటివాడి కోసమే కాచుకున్న స్పెషల్ బ్రాంచి అధికారి ఫెర్గస్, అతణ్ణి దళంలోకి పంపుతాడు.

ఇక అక్కణ్ణించి చూడాలి ఉత్కంఠ! మార్టిన్ చేరవేసే ప్రతి కబురూ ఎవరిదో ప్రాణం కాపాడుతుంది. అదే కబురు అతని మెడకు ఉరి బిగిస్తుంది. ఎందుకంటే, అనుకున్న దాడి జరక్కుండా ఆగిపోయిందంటే దళంలో పుట్టే మొదటి ప్రశ్న – ఉప్పందించింది ఎవరు? కట్టుకోబోయే లారాకైనా మనసు విప్పి చెప్పుకోలేడు పాపం!

మార్టిన్‌గా జిమ్ స్టర్జెస్ చలాకీగా మొదలై, పోనుపోను భయం నిండిన ముఖంతో మనల్ని కలవరపెడతాడు. ఫెర్గస్ ఎవరనుకున్నారు? 'గాంధీ' (1982)తో ఆస్కార్ అందుకున్న బెన్ కింగ్‌స్లీ! అహింసామూర్తిగా మన గుండెల్లో నిలిచిన నటుడు, ఇక్కడ ఒక కుర్రాడి ప్రాణం ఒడ్డి జూదమాడే అధికారి. పైవాళ్లు మార్టిన్‌ను వదులుకోవటానికి సిద్ధపడినప్పుడు అతను పడే యాతన చిత్రానికి ప్రాణం.

అసలు మార్టిన్ సంగతి ఏమయింది? 1991లో ఐ.ఆర్.ఏ. వాళ్లు పట్టుకుని ఒక ఫ్లాటులో ఉంచితే, మూడో అంతస్తు కిటికీలోంచి దూకేశాడు. బతికాడు! ఇంగ్లండ్‌లో మారుపేరుతో తలదాచుకుంటే 1999లో ఇంటి బయటే కాల్చారు. మళ్లీ బతికాడు! సినిమా ఆ కాల్పుల్ని కెనడాకు మార్చింది. ఇలాంటి మార్పులు ఇంకా ఉన్నాయి. అందుకే కాబోలు, ఈ చిత్రాన్ని మెక్‌గార్ట్‌లండ్ తన కథగా ఒప్పుకోలేదు.

పేరులోని యాభై, తాను కాపాడానని ఆయన చెప్పుకున్న ప్రాణాల లెక్క. ఆ యాభైమందీ తమ ఇళ్లకు తాము వెళ్లారు. సొంత ఊళ్లో కాలు పెట్టే యోగం కాపాడినవాడికే లేకపోయింది. ద్రోహి అనాలా, పుణ్యాత్ముడనాలా? దర్శకురాలు తీర్పు చెప్పలేదు, మనకే వదిలేసింది.

చిత్రహింసల దృశ్యాలున్నాయి గనుక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. గుండె దిటవున్న పెద్దలు మాత్రం తప్పక చూడండి.